నా పేరులో ఆంధ్రప్రదేశ్

ఫారిన్ మేడంగారిని వెతుక్కుంటూ కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చిన ఉదయం నేను వాకిట్లో కళ్ళాపి జల్లుతున్నాను. మలేషియా నుంచి చోడవరం కాపురానికి వచ్చి అప్పటికి మూడు వారాలు. నైటీ మీద తువ్వాలు, నడినెత్తిన జుట్టు ముడి, చేతిలో పేడనీళ్ళ బకెట్టు. ఆయన బండికి స్టాండు వేసి, తడి నేల మీద అడుగు పడకుండా గోడ వారగా వచ్చి, చేతిలో కాగితం చూసుకున్నాడు.

"ఏటమ్మా, ఈ ఇంట్లో ఫారిన్ మేడంగారు ఉన్నారంట. ఓసారి పిలుస్తావా?"

"నేనే బాబూ."

ఆయన నవ్వాడు. "ఆటలొద్దు తల్లీ. సాయంత్రానికి రిపోర్టు పెట్టాలి. మేడంగారు ఇంకా లెగలేదా?"

ఆయన తప్పేమీ లేదు. నన్ను చూస్తే రోలుగుంట చెరకు తోటల్లో పుట్టి పెరిగినదాన్నే అనుకుంటారు. మాట విన్నా అంతే. ఫారినర్ అనగానే ఆయన మనసులో మెదిలే బొమ్మ వేరు. తెల్లగా, పొడుగ్గా, వీపు మీద పెద్ద సంచీతో, అరకు వెళ్ళే బస్సు గురించి అడిగే మనిషి. ఆ బొమ్మ కోసం ఆయన మా కిటికీల్లోకి తొంగి చూస్తున్నాడు.

వాదించడం ఎందుకని కుర్చీ వేసి, టీ పెడతానన్నాను. "మేడంగారికి కంగారేం లేదని సెప్పు, తానం అదీ అయ్యేకే రమ్మను" అని వెనక నుంచి కేక వేశాడు. టీ ఇచ్చాను. తాగాడు. లోపలికి వెళ్ళి ఎర్ర అట్ట పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టాను. ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. తర్వాత బకెట్టు కూడా చూశాడు.

"ఓలమ్మ! మీరేనేటి?"

గబుక్కున లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్, మేడం?"

"తెలుగులో అడగండి బాబూ."

"నేదు మేడం. రాత్రంతా ప్రాక్టీసు సేసేను. ఇంగిలీషులోనే అడుగుతాను."

ఆయన ఇంగ్లీషులో అడిగాడు, నేను తెలుగులో చెప్పాను, ఆయన తెలుగులో రాసుకున్నాడు. ఆ రిపోర్టు చివర ఏం రాశాడో వెళ్ళేముందు చూపించాడు. "విదేశీయురాలు తెలుగు ధారాళంగా మాట్లాడుచున్నది. టీ బాగున్నది." రెండో వాక్యం కొట్టేయమని, అప్పుడే లోపల నుంచి వచ్చిన మా ఆయన బతిమాలితే, నిజమే కదా అని కాసేపు ఒప్పుకోలేదు.

మా ముత్తాత తెల్లదొరల కాలంలో ఈ ప్రాంతం నుంచే ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు పోయాడు. నాలుగు తరాలుగా మా ఇంట్లో తెలుగు పోలేదు. కానీ అది ఓడెక్కిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. నన్ను పెంచినది మా నాన్నమ్మ. ఆమె దగ్గర నేర్చుకున్న మాటలు ఇక్కడ ఎవరూ వాడటం లేదని వచ్చాకే తెలిసింది. నేను ఆఫీసుని కచేరీ అంటాను. "మండల కచేరీ ఎటెల్లాలి?" అని అడిగితే ఆటో అబ్బాయి సంగీత కచేరీ అనుకుని, ఇవాళ ఏమీ లేవమ్మా, శివరాత్రికి పెడతారు అన్నాడు. అక్షరాలు మాత్రం ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నాను. రాయడం అలా వచ్చింది.

మా ఆయనది చోడవరమే. పామాయిల్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా నాలుగేళ్ళ కాంట్రాక్టు మీద మా ఊరు వచ్చాడు. ఒక మధ్యాహ్నం అక్కడి తెలుగువాళ్ళ అన్నం కొట్లో వడ్డించే అమ్మాయిని నేను "ఏటి, కూరైపోనాదా?" అని అడిగితే, వెనక బల్ల దగ్గర తింటున్న మనిషి ముద్ద నోటి దగ్గరే ఆపి తల తిప్పాడు. "ఏ ఊరు మీది?" అన్నాడు. ఇదే ఊరన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మించడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పటికి పెళ్ళి ఖాయమైపోయింది.

పెళ్ళి చోడవరంలో జరిగింది, రిజిస్టరు చేయించుకున్నాం, నేను తిరిగి వెళ్ళి ఒక ఏడాది వీసా వేయించుకుని వచ్చేశాను. ఈయన కాంట్రాక్టు వదిలేసి, మెయిన్ రోడ్డు మీద మోటార్లకు వైండింగు చేసే షాపు పెట్టుకున్నాడు. కాపురం అంటే ఇక వంటా, వాషింగూ, చుట్టాలూ అనుకున్నాను. కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు.

మొదటి కాగితం మా అత్తగారి మెడకు చుట్టుకుంది. విదేశీయులు ఎవరింట్లో దిగితే ఆ ఇంటి యజమాని వెంటనే ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. పిల్లల బరువులూ, గుడ్లూ, టీకాలూ, గర్భిణులూ, పదకొండు రిజిస్టర్లు ఒంటి చేత్తో రాసిన చరిత్ర ఉంది. ఏ కాగితాన్ని చూసినా ముందు దాన్ని తయారుచేసినవాడి తెలివిని అంచనా వేస్తుంది.

"నా కోడలు నా ఇంట్లో ఉన్నాదని నేను పోలీసోలకి సెప్పుకోవాలా? ఇదేటి, దొంగసరుకా?" అంది.

"రూలమ్మా" అన్నాడు మా ఆయన, ఫోను తెరిచి. "సదువుతాను, నువ్వు సెప్పు. గదులెన్ని?"

"రెండు, వంటిల్లు."

"అతిథి ఎన్నాళ్ళుంటారు?"

అత్తగారు నా వైపు తిరిగింది. "ఎన్నాళ్ళుంటావే?"

నేను నవ్వు ఆపుకుంటూ, ఉన్నన్నాళ్ళూ అన్నాను.

"వచ్చిన పనేటి?"

"కాపరం అని రాయి. కాపరానికి అందులో గడి నేదా? మరేటి గడులున్నాయి? సదువూ, యాపారం, వైద్యం, టూరిస్టా? ఒరే, టూరిస్టని గాని పెట్టేవంటే మీ ఇద్దరినీ అరకు పంపించీస్తాను."

చివరికి ఇతరములు అన్న గడిలో కాపురం ఇమిడింది. నా పెళ్ళి, నా ప్రయాణం, నాలుగు సూట్‌కేసులు, అమ్మ ఏడుపు, అన్నీ కలిపి ఇతరములు.

తర్వాత మా ఆయన నా తరఫున ఒక హామీ పత్రం రాసిచ్చాడు. నా ఖర్చులకూ, నడవడికకూ, అవసరమైతే నన్ను తిరిగి పంపించడానికీ తనదే బాధ్యత అని. సంతకం చేసి నాకు చూపిస్తూ, "పెళ్ళిలో కూడా ఇన్ని ఒప్పుకోలేదు నేను" అన్నాడు. నడవడిక అన్న మాట కొట్టేయమన్నాను, అక్కడ తొందరపడి మాటిచ్చాడని.

ఇవన్నీ సాఫీగానే జరిగాయి. అసలు కథ ఏడాది తర్వాత వీసా పొడిగింపుకు పెట్టుకున్నప్పుడు మొదలైంది. నలభై రోజుల గడువు ఉండగా అర్జీ పెట్టాం. వారంలో కబురొచ్చింది, ఒరిజినల్స్ పట్టుకుని విశాఖపట్నంలో విదేశీయుల వ్యవహారాల ఆఫీసుకు రమ్మని. అక్కడ అధికారిణి నా కన్నా పదేళ్ళు పెద్ద. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని నెమ్మదిగా చదివే మనిషి. పాస్‌పోర్టు ఒక చేత్తో, పెళ్ళి సర్టిఫికెట్టు ఇంకో చేత్తో పట్టుకుంది.

"ఈ పాస్‌పోర్టు మీదే. మరి ఈ సర్టిఫికెట్‌లో పెళ్ళికూతురెవరు?"

"నేనే మేడం."

"కాదమ్మా. ఈవిడ పేరులో ఆంధ్రప్రదేశ్ ఉంది."

ఇక్కడ మా దేశం సంగతి ఒకటి చెప్పాలి. మలేషియాలో మన జాతివాళ్ళకు ఇంటిపేర్ల పట్టింపు లేదు. కాగితాల్లో ముందు మన పేరు, తర్వాత నాన్న పేరు. రెంటి మధ్య మలయ్ భాషలో "కూతురు" అని ఉంటుంది. దాన్ని పొట్టిగా ఇంగ్లీషులో ఏ, మధ్యలో ఒక ఏటవాలు గీత, పి అని రాస్తారు. ఫలానా వాడి కూతురు ఫలానా అని అర్థం. నా పాస్‌పోర్టులో కూడా అంతే, నా పేరు, ఏపీ, నాన్న పేరు.

పెళ్ళి అర్జీ టైపు చేయించడానికి మేము ఒక టైపిస్టు దగ్గరికి వెళ్ళాం. చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునే పెద్దమనిషి. ఆయన నా పాస్‌పోర్టులో ఏపీ చూసి, పొట్టిగా ఉంటే ఆఫీసువాళ్ళు ఒప్పుకోరని, మా మేలు కోరి, పూర్తిగా విప్పి రాశాడు. నా పేరు, ఆంధ్రప్రదేశ్, మా నాన్న పేరు. ఆ రోజు మేము పెళ్ళి సంబరంలో ఉన్నాం. చదవకుండా సంతకాలు పెట్టేశాం. సర్టిఫికెట్టు అలాగే వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్నాం కూడా. ఏడాది పాటు రోజూ దాని కింద కూర్చుని టీవీ చూశాం. ఒక్కరం చదవలేదు.

ఇదంతా చెబితే ఆ అధికారిణి కళ్ళజోడు తీసి, చాలాసేపు బల్ల వైపు చూసింది. నవ్వు వస్తే బల్ల వైపు చూడటం ఆవిడ అలవాటని తర్వాత గ్రహించాను.

"నాకు అర్థమైందమ్మా. కానీ ఫైలుకి అర్థం కావాలి కదా. సర్టిఫికెట్టు సరిచేయించి తీసుకురండి. ఈ రెండక్షరాలకు అర్థం కూతురేనని మీ దేశం వాళ్ళ దగ్గర లెటరు కూడా తేవాలి. ఇంకొకటి, మీ ఇద్దరి అడ్రసుల్లో జిల్లా కలవటం లేదు."

జిల్లా మేము తప్పు రాయలేదు. మేము వచ్చినప్పుడు చోడవరం విశాఖపట్నం జిల్లా. మధ్యలో జిల్లాలు విడగొట్టి అనకాపల్లిలో కలిపారు. మా ఇల్లు అంగుళం కదల్లేదు. మా ఆయన ఆధార్‌లో పాత జిల్లా, నా అర్జీలో కొత్త జిల్లా. "నేను సముద్రం దాటి వచ్చి కుదురుగా ఉన్నాను, మీ జిల్లాయే ఊరు మారింది" అని బయటకు వచ్చాక మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. గడువు ముప్ఫై రోజుల్లోకి వచ్చేసిందని అప్పుడే లెక్క చూసుకున్నాడు.

భయం మొదలైనప్పుడు సలహాలు కూడా మొదలవుతాయి. షాపు పక్కన జెరాక్స్ ఆయన ఒకటి చెప్పాడు. "ఈ మొగుడూ పెళ్ళాల లెక్కెందుకండీ? మీ ముత్తాతగారు ఇక్కడోరే కదా. పూర్వీకుల దారిలో ఎల్తే ఎప్పటికీ ఉండిపోయే కార్డు వచ్చీస్తాది. ఊరెల్లి పాత రికార్డు తీయించండి సాలు." ఆ మాట పట్టుకుని ఒక పొద్దున్నే మేమిద్దరం బండి మీద కె.కోటపాడు అవతల ఒక పల్లెకు వెళ్ళాం. మా ముత్తాత ఊరని నాన్నమ్మ చెప్పిన పల్లె అది.

పంచాయతీ ఆఫీసులో ఉద్యోగి మంచివాడు. పాత పుస్తకాలున్న బీరువా తీసి, తుమ్ముకుంటూ వెతికాడు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. గంట తర్వాత మా ముత్తాత పేరూ ఇంటిపేరూ ఉన్న కాగితం దొరికింది. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ కాగితం ప్రకారం ఆయన ఎక్కడికీ పోలేదు. అదే ఊళ్ళో పెళ్ళి చేసుకుని, ఎకరన్నర మెట్ట సాగు చేసి, ముసలివాడై, అదే ఊళ్ళో పోయాడు. మనుమలు కూడా ఉన్నారట. వీధి చివర ఇల్లు.

అక్కడి అరుగు మీద నుంచే నాన్నమ్మకు వీడియో కాల్ చేశాను. విషయం చెప్పాను. ఆమె బోసి నోటితో విరగబడి నవ్వింది.

"ఆ పేరుతో ఎతికితే మీ ముత్తాత ఎలా దొరుకుతాడే గుంటా? అది ఆయన పేరు కాదు కదా."

"మరెవరిది?"

"ఓడకి పేరిచ్చినోడిది. వాడికి సముద్రం సూసి బయమేసి, ఓడ సీటీ మా మావకిచ్చీసి ఇంటికెలిపోనాడంట. ఆ సీటీ పట్టుకుని ఈయన ఎక్కీసేడు. దిగినాక అదే పేరు రాసుకున్నారు. ఇంకేటి సేస్తాడు, అదే పేరుతో ఉండిపోనాడు."

"ఆయన అసలు పేరేటి మరి?"

"సెప్పలేదే. దొర ఇంటే ఎనక్కి పంపీస్తాడని బయం. పెళ్ళానికి కూడా సెప్పలేదు."

స్పీకరులో ఉంది ఫోను. అరుగు మీద అందరూ విన్నారు. ఒక పెద్దాయన తొడ కొట్టుకుని నవ్వాడు. నేను మాత్రం వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నాను. నా పేరు పక్కన నాన్న పేరు, నాన్న పేరు పక్కన తాత పేరు, ఇలా వెనక్కి వెళితే చివర సముద్రానికి భయపడి ఇంటికి పోయినవాడి పేరు ఉంది. నేను చెట్టు కింద టైపిస్టును తిట్టుకుంటున్నాను. మా ఇంట్లో కాగితాల్లో పేరు తప్పడం ముత్తాత దగ్గరే మొదలైంది. అది కూడా తెలిసి చేసిన తప్పు.

వీధి చివర ఇంటికి తీసుకెళ్ళారు. ఆ ఇంటి ఇల్లాలు, ఆ భయపడినాయన మనుమరాలు, బియ్యం చెరుగుతూ ఉంది. విషయం విని చేట కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది.

"మా తాత పేరు మీరు పట్టుకుపోయేరా? మా తాత సచ్చీదాకా సెప్పీవోడు, నేను ఓడెక్కుంటే ఈపాటికి దొరనయ్యీవోన్నని. ఏటి, దొరలయ్యేరేటి మీరు?"

"నేదు పిన్నీ. రబ్బరు పాలు తీసేం."

ఆవిడ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "మంచి పనే సేసేడు మా తాత, ఎల్లకండా" అంది. వచ్చేటప్పుడు ఒక గుమ్మడికాయ కూడా ఇచ్చింది. పూర్వీకుల దారి అలా మూసుకుపోయింది. ఆ గుమ్మడికాయ నా ఒళ్ళో పెట్టుకుని చోడవరం వచ్చాం.

మర్నాడు టైపిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన పశ్చాత్తాపపడలేదు.

"ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదంటే ఎలాగమ్మా? బండి నంబరు ప్లేటు మీద ఏటుంటాది? బస్సు మీద ఏటుంటాది? నీకొక్కదానికే కూతురా?"

"మా దేశంలో అందరికీ కూతురే బాబూ."

"అలగైతే నాదేం తప్పు? మీ దేశంలో అక్షరాలు సరిగా పెట్టుకోవాల" అన్నాడు. కానీ అఫిడవిట్ మాత్రం శ్రద్ధగా కొట్టాడు. నా పేరులో ఆంధ్రప్రదేశ్ లేదనీ, అది పొరపాటున చేరిందనీ, ఇకపై దానితో నాకు ఏ సంబంధమూ లేదనీ ప్రమాణపూర్వకంగా చెప్పుకునే కాగితం. "దానితో ఏ సంబంధమూ" అన్న మాట తీసేయమన్నాను. ఇక్కడే కాపురం ఉండాలి కదా. నోటరీ దగ్గర నేను చదివి సంతకం పెడుతుంటే ఆ ప్లీడరు, "ఏ రాష్ట్రాన్నైనా ఇలా అఫిడవిట్ మీద వదులుకోవడం ఇదే మొదటిసారి చూడటం" అన్నాడు.

మా దేశం ఎంబసీ వాళ్ళ ఆఫీసుకు మెయిల్ రాశాను. మూడో రోజుకే జవాబు వచ్చింది, ముద్రతో సహా. ఈ రెండక్షరాలకు కూతురని అర్థం, ఏ ప్రాంతం పేరూ కాదు. అంతే. రెండు లైన్లు. ఆ రెండు లైన్లు చూసి ఎందుకో నాకు ఏడుపొచ్చింది. ఇంటి నుంచి ఎవరో వచ్చి నా తరఫున మాట్లాడినట్టు అనిపించింది. మా ఆయన అది చూసి, లెటరు మీద నీళ్ళు పడతాయి, పక్కకి తిరిగి ఏడువు అన్నాడు.

మా ఆయన ఆధార్‌లో జిల్లా మారి, సర్టిఫికెట్టు సరిచేసి ఇచ్చేటప్పటికి గడువు పదకొండు రోజులకు దిగింది. సవరణ వెనక వైపు రాసి ముద్ర వేశారు. మళ్ళీ విశాఖపట్నం బయలుదేరాం. ఈసారి అత్తగారు కూడా తయారైంది. ఇంటి యజమానిని నేను, నా పూచీ మీద ఉన్నాది, నేను రాకపోతే ఎలా అంది. ఇస్త్రీ చీర కట్టి, పాత అంగన్‌వాడీ సంచీ భుజాన వేసుకుంది. లోపల జిగురు, స్కేలు, నీలం పెన్నూ నల్ల పెన్నూ, గుండుసూదులు.

అధికారిణి అన్నీ చూసి తల ఊపింది. కంప్యూటర్ దగ్గర ఆగింది. "చిక్కేమిటంటే, ఇందులో సర్టిఫికెట్‌కి ఒక్క పేజీయే ఎక్కుతుంది. ముందు వైపు ఎక్కిస్తే ఆంధ్రప్రదేశ్ ఉంటుంది. వెనక వైపు ఎక్కిస్తే సవరణ తప్ప సర్టిఫికెట్టే ఉండదు."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. నేను గోడ మీద గడియారం చూస్తున్నాను. అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అమ్మా, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. నేనూ రిజిస్టర్లు రాసినదాన్నే. మా సూపర్‌వైజరుకి కూడా ఒక్క పేజీయే కావాల. టీకాల కార్డుకి రెండు ఏపులుంటాయి. మేమేటి సేసీవోళ్ళమంటే, రెండు ఏపులూ సిన్నవి సేసి ఒకే కాయితం మీద కిందా పైనా జెరాక్సు తీయించీవోళ్ళం. దాని మీద సంతకం పెట్టించి, అదే అసలని పంపీవోళ్ళం. ముప్పై ఏళ్ళు ఒక్కరూ కాదన్లేదు."

అధికారిణి బల్ల వైపు చూసింది. తర్వాత మా అత్తగారి వైపు చూసింది.

"మీరు ఎన్ని రిజిస్టర్లు రాసేవారు?"

"పదకొండమ్మా. మీరు?"

"లెక్కే లేదండీ."

ఇద్దరూ ఒకళ్ళ కష్టం ఒకళ్ళకు తెలిసినట్టు నిట్టూర్చారు. మా ఆయన వీధిలోకి పరుగెత్తి, రెండు వైపులూ ఒకే కాగితం మీద పట్టేలా జెరాక్స్ తెచ్చాడు. అత్తగారు స్కేలు పెట్టి మధ్యలో గీత గీసింది. అది కంప్యూటర్‌లోకి ఎక్కింది. "మీ కోడలు బాగానే చూసుకుంటుందా?" అని అధికారిణి మాటవరసకు అడిగితే, అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "పులుసులో పంచదార వేస్తాది. అది తప్పిస్తే పర్వాలేదు. ఉంచండి" అంది.

తర్వాత ఎదురుచూడటమే. తొమ్మిది రోజులు, ఎనిమిది, అయిదు. రోజుకు ఇరవై సార్లు మెయిల్ తెరిచేదాన్ని. మా ఆయన మొదట్లో వేళాకోళమాడేవాడు, గడువు దాటితే అటక మీద దాస్తానని. మూడు రోజులున్నాయనగా వేళాకోళం ఆపేశాడు. వైండింగు చేసిన మోటారు ఒకదానికి వైర్లు తిప్పి కట్టి, అది వెనక్కి తిరిగి, రైతుతో మాటలు పడి వచ్చాడు. ఆ పూట ఆయన అన్నం తినకుండా కంచం దగ్గర కూర్చుంటే, నాకు పెళ్ళినాడు కూడా కలగనంత ప్రేమ కలిగింది. ఆ మాట చెప్పలేదు. కంచంలో ఇంకో అప్పడం వేశాను.

గడువుకు ముందురోజు ఉండలేక పోలీసు కచేరీకే వెళ్ళాను. వాకిట్లో పాత కానిస్టేబుల్ కనిపించాడు.

"రేపటితో నా వీసా అయిపోతాది బాబూ. జవాబు రాలేదు. నన్నేటి సేస్తారు?"

"అర్జీ పెట్టేరు కదా? రసీదు ఉంది కదా? ఇంకేటి బయం? మీరెక్కడుంటారో మాకు తెల్సు, మేమెక్కడుంటామో మీకు తెల్సు. పారిపోవాలనుకుంటే మటుకు ఓ మాట సెప్పి ఎల్లండి, నా రిపోర్టు మార్చుకోవాలి" అన్నాడు. అంత భయంలోనూ నవ్వొచ్చింది. తిరిగొచ్చి రాత్రి నిద్రపోయాను.

మర్నాడు మధ్యాహ్నం బెండకాయలు తరుగుతుంటే మెయిల్ మోగింది. జిగురు చేతులతోనే తెరిచాను. పొడిగింపు ఇచ్చారు, ఏడాదికి. నా పేరు, ఏ, గీత, పి, నాన్న పేరు. ఎక్కడా ఏ రాష్ట్రమూ లేదు. మూడుసార్లు చదివి, అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా, పుట్టిన తేదీతో సహా తప్పులు వెతికింది. దొరకలేదు. కొంచెం నిరాశ పడినట్టు కూడా అనిపించింది.

"ఫ్రేము కట్టించకండి" అంది. "ఈసారి ఫైల్లో పెట్టండి."

మా ఆయనకు ఫోను చేసి చెప్పాను. కాసేపటికి షాపు మూసేసి, అర కేజీ మైసూర్‌పాక్‌తో ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం ముగ్గురం వాకిట్లో కూర్చుని తిన్నాం. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు జెరాక్స్ ఉపాయం మొదటి నుంచి చెప్పింది.

పెళ్ళయిన రెండేళ్ళకు, ఇన్ని తిప్పలు లేకుండానే, ఎప్పటికీ ఉండిపోవడానికి కావలసిన కార్డు వచ్చింది. ఈలోపు వీధిలో మాకు ఒక పేరు వచ్చేసింది. పాస్‌పోర్టు అర్జీ అన్నా, గల్ఫ్ వీసా అన్నా మా ఇంటికే వస్తారు. నేను నింపుతాను, అత్తగారు తనిఖీ చేస్తుంది. మొన్న గోవాడ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు, మొదటిసారి వెళుతోంది. అర్జీ నింపుతున్నంతసేపూ గడుల వైపే చూస్తూ కూర్చుంది. చివర సంతకం పెట్టేముందు పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"అక్కా, అక్కడోలు మనల్ని ఎలా సూస్తారు?"

ఏదో ధైర్యం చెబుదామనుకున్నాను. నోటికి వచ్చింది వేరు. "మొదట కొన్నాళ్ళు సూస్తారు. తర్వాత ఎవరి పనిలో వాళ్ళుంటారు. నువ్వు మటుకు సంతకం పెట్టీముందు పూర్తిగా సదువు" అన్నాను.

ఆ అమ్మాయి మొదటి పేజీకి వెళ్ళి, వేలు పెట్టి ఒక్కో గడీ చదవడం మొదలుపెట్టింది. లోపల నుంచి అత్తగారు, "ఫొటోలెన్ని తెచ్చిందో అడుగు" అని కేక వేసింది.

"నాలుగు."

"సాలవు. ఇంకో ఎనిమిది తీయించమను. రెండు సెవులూ కనపడాల."